విజయనగరంలో మన పిల్లలు ఉండగలరా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

  భోజనాలు ఒంటి గంటకేనట. నేను ఆలస్యం చెయ్యను.

ఈ ఉత్సవాల పని మొదలైనప్పటి నుంచి మన సంఘం వాళ్ళకి ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. హైదరాబాదులో, బెంగుళూరులో పెరిగిన మన పాత విద్యార్థుల పిల్లలు కొందరు, ఈ పదేళ్ళలో మన బడి దాటి వెళ్ళిన కుర్రాళ్ళు కొందరు, అసలు మన ఊరితో ఏ సంబంధమూ లేకుండా ఇక్కడి సంగీతం, నాటకాల పేరు విన్నవాళ్ళు కొందరు అడుగుతున్నారు. "విజయనగరం వచ్చి ఉందామనుకుంటున్నాం. మా వయసు వాళ్ళు ఉండదగ్గ ఊరేనా?" అని. కార్యదర్శి గారు ఈ ప్రశ్న నా నెత్తిన పెట్టారు. కారణం ఒకటే. ఇరవై రెండేళ్ళు బ్యాంకు ఉద్యోగంలో ఊళ్ళు తిరిగి ఇక్కడికొచ్చాక మా డాబా పై వాటా అద్దెకిస్తున్నాను. తొమ్మిదేళ్ళలో ఏడుగురు ఉన్నారు. అందరూ ముప్పై లోపు వాళ్ళే, అందరూ బయట నుంచి వచ్చినవాళ్ళే. కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసింది పుస్తకాల తెలివి కాదు, మేడమెట్ల తెలివి.

ముందు ఒక మాట. ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళకి మనం ఇచ్చే జవాబు ఏమిటో నాకు తెలుసు. "కళల కాణాచి, విద్యల నగరం" అంటాం. గురజాడ గారు నడిచిన వీధులంటాం. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వారు, ఘంటసాల, సుశీల అని పేర్లు చదువుతాం. ఆ పిల్ల అడిగింది ఇల్లు దొరుకుతుందా, స్నేహితులు దొరుకుతారా, తోచుతుందా అని. మనం చెప్పింది మ్యూజియం గోడ మీది జాబితా.

అలాగని ఆ పేర్లు పక్కన పెట్టమనను. వాటిలోనే జవాబుంది, మనం సరిగ్గా చూడటం లేదంతే. వాళ్ళలో సుశీల గారు ఇక్కడ పుట్టారు. మిగిలినవాళ్ళు? గురజాడ 1862లో పుట్టింది ఎస్. రాయవరంలో. నారాయణదాసు గారిది బొబ్బిలి దగ్గర అజ్జాడ. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. ఘంటసాల కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు. మన ఊరి పెద్ద పేర్లలో ఎక్కువ ఒకప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలవే.

వాళ్ళు వచ్చినప్పుడు ఊరు ఏమిచ్చింది? గురజాడ తండ్రి పోయాక ఇక్కడికి చదువుకోడానికి వస్తే, మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఉండటానికి చోటూ తిండీ ఇచ్చారు. ఆ కుర్రాడు రాసిన కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడారు. సంగీత కళాశాల 1919లో పెట్టారు. చూపు లేని ఒక పిల్లవాడికి సంగీతం మీదున్న ఇష్టం చూసి విజయరామ గజపతి మహారాజు దాన్ని పెట్టించారని ఊళ్ళో చెప్పుకుంటారు. అంటే మన ఊళ్ళో సంగీతం కోసం పెట్టింది కచేరీ హాలు కాదు, బడి. వినేవాళ్ళ కోసం కాదు, నేర్చుకునే ఒక పిల్లవాడి కోసం. ద్వారం వారు అందులో విద్యార్థిగా చేరదామని వస్తే, వాయులీనం విన్న నారాయణదాసు గారు పాఠం చెప్పే ఉద్యోగమే ఇచ్చారంటారు. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు.

ఘంటసాల కథ మీ అందరికీ తెలుసు. చేతి ఉంగరం అమ్ముకుని రైలెక్కి వచ్చేసరికి కళాశాలకి వేసవి సెలవులు. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. ఆ తర్వాత కష్టాలు చాలా పడ్డారు. చివరికి పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. తిండికి జోలె పట్టి మధుకరం. ఈ ఊరి ఇల్లాళ్ళు ఆ జోలెలో అన్నం వేశారు. ఎవరబ్బాయివి, ఏ ఉద్యోగం, పెళ్ళయిందా అని అడిగి వేశారో లేదో నాకు తెలీదు గానీ, వేశారు.

అందుచేత నాకు కనబడేది ఇది. ఈ ఊరు కళలు చూడటానికి వచ్చినవాళ్ళకి అప్పుడూ పెద్దగా ఇచ్చింది లేదు, ఇప్పుడూ లేదు. ఏదో ఒకటి నేర్చుకోడానికి, చెయ్యడానికి వచ్చినవాళ్ళకి మాత్రం ఇచ్చింది. ఇప్పుడూ ఇవ్వగలదు, మనం అడ్డం పడకపోతే. ఫోన్ చేసిన పిల్లలకి నేనైతే ఇదే చెబుతాను.

మా పై వాటాలో మొదట దిగినవాళ్ళలో ఒకబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చాడు. కంప్యూటర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని, జీతం అక్కడిదే, అద్దె ఇక్కడిది. ఇంతకన్నా ఏం కావాలి? దసరాకి ముందు దిగాడు. పైడితల్లమ్మ సిరిమాను చూశాడు. మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి ఇంటికొచ్చి, "ఆంటీ, ఇలాంటిది నా జన్మలో చూడలేదు" అన్నాడు. కోట చూశాడు, గురజాడ వారిల్లు చూశాడు, అయ్యకోనేరు గట్టు మీద ఫొటోలు తీసుకున్నాడు. సంక్రాంతికల్లా అయిపోయింది. "సాయంత్రం ఆరు తర్వాత ఈ ఊళ్ళో ఏం చేస్తారు ఆంటీ?" అని అడగడం మొదలెట్టాడు. నిజానికి ఆ నెలలో రెండు కచేరీలు, చాసో గారి పేరున ఏటా ఇచ్చే పురస్కారం సభ, ఒక నాటిక జరిగాయి. ఒక్కటీ అతనికి తెలియలేదు. తెలియడానికి మార్గమూ లేదు. ఆహ్వాన పత్రం రిటైరైన వాళ్ళ వాట్సాప్‌లో తిరుగుతుంది, పేపర్లో జిల్లా పేజీలో మర్నాడు వార్త వస్తుంది. ఒకసారి నేనే తీసుకెళ్ళాను. పది మంది పెద్దలకి శాలువాలు కప్పేసరికి గంటన్నర పట్టింది. ఆ హాల్లో నల్ల జుట్టు అతనిదీ, మృదంగం వాయించే అబ్బాయిదీ. (రంగు వేసినవి నేను లెక్క పెట్టలేదు.) ఎనిమిది నెలలకి వెళ్ళిపోయాడు. మంచి పిల్లవాడు. ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. ఈ ఊరు అతనికి సరిపడలేదు, అందులో అతని తప్పూ లేదు, ఊరి తప్పూ లేదు. అతనికి ప్రేక్షకుడిగా బతకగలిగే ఊరు కావాలి. 2011 జనాభా లెక్కల్లో సుమారు 2.28 లక్షలున్న ఊరు రోజూ ఒక వేడుక పెట్టలేదు కదా.

తర్వాతి ఏడాది రాజమండ్రి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం. వచ్చేటప్పటికి ఆమెకి సంగీతం సంగతి ఏమీ తెలీదు. మా వీధి చివర ఒక మాస్టారింట్లో సాయంత్రాలు వీణ పాఠం జరుగుతుంటే, కిటికీ దగ్గర రెండు రోజులు నిలబడి మూడో రోజు లోపలికెళ్ళి కూర్చుంది. సరళీ స్వరాలు ఇరవై ఆరేళ్ళ వయసులో. ఆమె పక్కన కూర్చున్నది తొమ్మిదో తరగతి పిల్ల, ఒక కానిస్టేబుల్ గారి భార్య, పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు. ఆర్నెల్లలో ఆ నలుగురూ ఆమెకి ఊరైపోయారు. జ్వరమొస్తే పోస్టుమాస్టరు గారింటి నుంచి చారన్నం, పండక్కి కానిస్టేబుల్ గారింటి నుంచి అరిసెలు. రెండో ఏడాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళి వీణ చేయించుకుంది. అక్కడ పనస దుంగని తొలిచి వీణ చెక్కుతారు. అది తయారయ్యేదాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చింది, బిడ్డని చూడబోయినట్టు. నాలుగేళ్ళుంది. పెళ్ళయి వెళ్ళింది గానీ విసుగొచ్చి వెళ్ళలేదు.

ఇద్దరికీ ఒకే ఇల్లు, ఒకే వీధి, జీతం అబ్బాయికే ఎక్కువ. తేడా ఎక్కడుందో చెప్పక్కర్లేదు.

వయసు సంగతి కూడా దాచకూడదు. ఇక్కడ ఇరవై రెండు నుంచి ముప్పై అయిదు మధ్య వాళ్ళు తక్కువగా కనబడతారు. చదువుకున్నంత కాలం ఉంటారు, పట్టా చేతికి రాగానే విశాఖపట్నమో హైదరాబాదో. కాబట్టి నా ఈడు వాళ్ళే నాకు స్నేహితులు కావాలి అనేవాళ్ళకి మొదటి ఏడాది కష్టం. పక్కన తొమ్మిదో తరగతి పిల్లా అరవై అయిదేళ్ళ పోస్టుమాస్టరూ కూర్చుంటే ఫరవాలేదు అనుకునేవాళ్ళకి ఊరు తొందరగానే తలుపు తీస్తుంది. పెళ్ళి కావలసిన వాళ్ళకి మరో చిక్కుంది. అబ్బాయి ఎక్కడుంటాడు అంటే విజయనగరం అనగానే అవతలి వాళ్ళు "అక్కడేం చేస్తాడు?" అంటారు. అమ్మాయి అయితే "ట్రాన్స్‌ఫర్ దొరుకుతుందిగా" అంటారు. నవ్వుకోండి గానీ ఇది నిజం.

డబ్బు విషయం ఇంకా సూటిగా చెప్పాలి. కళ మీద బతుకుదామని ఎవరైనా వస్తే, వద్దని చెప్పండి. పాఠాలు చెప్పుకుంటే వచ్చేది కూరలకి సరిపోతుంది. మన సభలు ఉచితం. టిక్కెట్టు పెడితే రాము, పెట్టకపోతే కళాకారుడికి ఇవ్వలేం, చివరికి శాలువా ఇస్తాం. మా పై వాటాలో ఉన్న ఒక నాటకాల కుర్రాడి దగ్గర పధ్నాలుగు శాలువాలు ఉండేవి. చలికాలం దిగులు లేదు ఆంటీ అనేవాడు. అతను పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసి అద్దె కట్టేవాడు. చాసో గారి 'వాయులీనం' కథ చదివినవాళ్ళకి, వాయిద్యానికీ ఇంటి ఖర్చుకీ మధ్య పేచీ ఈ ఊళ్ళో కొత్తది కాదని తెలుసు.

అంచేత చేతిలో ఒక జీతం ఉండాలి. అది ఇక్కడి కాలేజీల్లోనో ఆసుపత్రుల్లోనో బ్యాంకుల్లోనో కావచ్చు. 2022లో విశ్వవిద్యాలయం వచ్చింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు, మన జిల్లాలోనే భోగాపురం విమానాశ్రయం. వీటితో బయట నుంచి వచ్చే కుర్రకారు పెరుగుతారు. ఎంతమందో నేను చెప్పలేను. ఇంటి నుంచి పని చేసేవాళ్ళు కొందరు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ ఇక్కడుంటామనే వాళ్ళూ ఉన్నారు. అరవై కిలోమీటర్లు. రైలుంది, బస్సుంది. కానీ రోజూ రానూ పోనూ మూడు గంటలు పోతే, సాయంత్రం ఏడున్నరకి ఇల్లు చేరి ఏ వీణ ముట్టుకుంటారు? వారానికి రెండు రోజులు వెళ్తే చాలు అనేవాళ్ళకి మాత్రమే అది కుదిరే పని. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇద్దరికీ తేలాకే ఇల్లు చూసుకోవాలి. ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి "కళల నగరం" అంటే అది ఆరు నెలలు నిలవదు. ఆ గొడవ మా మేడ మీద నుంచి కిందికి వినిపించింది కూడా.

వచ్చి చూసుకుంటామంటే నా సలహా ఒకటి. ఒక నెల ఉండి చూడండి గానీ, సిరిమాను నెలలో రాకండి. పండగలో ప్రతి ఊరూ బావుంటుంది. మే నెలలో రండి. మధ్యాహ్నం రెండింటికి కొత్త వాటాలో, కరెంటు పోయినప్పుడు, ఈ ఊరు మీకు నచ్చిందా అని చూసుకోండి. లేదా జూలైలో ఒక మామూలు మంగళవారం. తుపాను సంగతి కూడా తెలిసి రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మన జిల్లాలో కరెంటు లేకుండా రోజులు గడిపినవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆ నెల రోజుల్లో ఒక గురువుని వెతుక్కోండి. సంగీత కళాశాలలో గాత్రం, వీణ, వాయులీనం, మృదంగం ఉన్నాయి. మీ పని వేళలకి అక్కడి తరగతులు కుదురుతాయో లేదో ముందే వెళ్ళి కనుక్కోండి. కుదరకపోతే ఇళ్ళలో చెప్పే మాస్టార్లున్నారు. సంగీతం వద్దంటే నాటిక రిహార్సల్లో కుర్చీలు మోయండి. పల్లెల్లో తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నెలాఖరుకి ఒక్క పాఠమైనా మొదలై ఉంటే సామాన్లు తెచ్చుకోండి. కాకపోతే ఏడాదికోసారి దసరాకి వచ్చి వెళ్ళండి. అదీ మంచి పద్ధతే.

పిల్లలకి చెప్పవలసింది ఇంతే. ఇక మనకి చెప్పవలసింది ఉంది. కార్యదర్శి గారు దీని గురించి నన్ను అడగలేదు, అయినా చెబుతాను.

ఈ హాల్లో ఎంతమందికి అద్దెకిచ్చే వాటాలున్నాయి? చేతులెత్తమనను. చాలామందికే ఉన్నాయి. మనం ఎవరికిస్తున్నాం? ఫ్యామిలీలకే. బోర్డు మీదే రాస్తున్నాం. ఒంటరి కుర్రాడైతే "బ్యాచిలర్లకి ఇవ్వం". ఒంటరి అమ్మాయైతే అసలు గేటు దాటనివ్వం. ఆ దశ దాటితే కులం, ఆ తర్వాత మాంసం తింటారా, ఆ తర్వాత రాత్రి ఎన్నింటికి వస్తారు. నేను చెప్పిన నాటకాల కుర్రాడు మా ఇంటికొచ్చే ముందు పదకొండు ఇళ్ళు తిరిగాడు. రిహార్సల్ అయ్యేసరికి రాత్రి పదకొండవుతుంది అని నిజం చెప్పాడు. అదే అతను చేసిన నేరం. వీణ అమ్మాయిని ఒకింట్లో "మా ఇంటి పేరేం కాను?" అన్నారట. పాఠం చెప్పే ఉద్యోగమని చెప్పినా సరే.

మరి మనమే కదా ఘంటసాల విగ్రహానికి దండలు వేసేది? ఇవాళ ఇరవై ఏళ్ళ ఘంటసాల ట్రంకు పెట్టెతో మన వీధిలోకి వస్తే ఏ ఇంట్లో గది ఇస్తాం? అన్నం సంగతి తర్వాత.

నేను పెద్ద ఉదారురాలినని చెప్పుకోవడం లేదు. నాకూ మొదట్లో భయముండేది. పై వాళ్ళు చేసే చప్పుడుకి ఇప్పటికీ చిరాకు పడతాను. ఎదురింటి వాళ్ళ మాటలు పడ్డాను. తొమ్మిదేళ్ళలో అద్దె ఎగ్గొట్టింది ఒక్కరు, అది కూడా ఫ్యామిలీయే. నా దగ్గర నెల రోజులుండి వెళ్ళారు. ఆ ఏడుగురిలో కలపలేదు వాళ్ళని.

మన సంఘం చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అద్దె వాటాలున్న పూర్వ విద్యార్థుల పేర్లు ఒక పుస్తకంలో రాసి కార్యదర్శి గారి దగ్గర పెడదాం. బయట నుంచి వచ్చే పిల్లకి, పిల్లవాడికి సంఘం పూచీ ఉంటే, ఇచ్చేవాళ్ళకి ధైర్యం, అడిగేవాళ్ళకి మర్యాద. రెండోది, ఊళ్ళో జరిగే సభలు, కచేరీలు, నాటికల వివరాలు వారం ముందే ఒక చోట తెలిసేలా చూద్దాం. మన పాత విద్యార్థుల్లో అరడజను సభల నిర్వాహకులున్నారు, వాళ్ళే ఆ పని చెయ్యగలరు. వాళ్ళకే ఇంకో మనవి. కార్యక్రమం సాయంత్రం అయిదింటికి పెట్టి, కుర్రాళ్ళు రావడం లేదని మైకులో బాధపడొద్దు. అయిదింటికి వాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు. ఏడింటికి పెట్టండి. శాలువాలు చివర్లో కప్పండి, ఉన్నవాళ్ళు చూస్తారు.

మూడోది ప్రధానోపాధ్యాయుల వారికి. సర్, మన బడి పాత హాలు సాయంత్రం నాలుగున్నరకి తాళం పడుతుంది, మర్నాడు తొమ్మిదికి తీస్తారు. ఈ ఊళ్ళో నాటిక వేసుకునే పిల్లలు రిహార్సల్‌కి చోటు లేక కల్యాణ మండపాల వరండాల్లో, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో చేసుకుంటున్నారు. వారానికి మూడు సాయంత్రాలు ఆ హాలు ఇప్పించండి. కరెంటు బిల్లు, వాచ్‌మన్ రాత్రి జీతం సంఘం కడుతుంది. కోశాధికారి గారు నా వైపు కోపంగా చూస్తున్నారు గానీ, ఆయన్ని ముందే అడిగాను, ఆలోచిస్తానన్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, ఎన్నింటికి మూయాలి అన్నది కమిటీ కూర్చుని రాసుకోవచ్చు. ఇవాళ మధ్యాహ్నం జరిగే సర్వసభ్య సమావేశంలో ఇది పెడతాను. భోజనం చేసి ఇంటికెళ్ళిపోకుండా మీరందరూ కూర్చోవాలి.

ఇంకొకటి. మా పై వాటా వచ్చే నెల ఖాళీ అవుతోంది. రెండు గదులు, వంటిల్లు, రెండు పూటలా నీళ్ళు. వీణైతే ఏ వేళైనా సరే. డప్పైతే రాత్రి తొమ్మిది దాకా. మీకు తెలిసిన పిల్లలెవరైనా ఉంటే చెప్పండి.